ఊడిన బ్రాకెట్ వెనక చూడండి

మా మేనకోడలికి ఈ ఏడు పీజీ సీటు వచ్చింది, అదీ పళ్ల క్లిప్పుల విభాగంలో. "అత్తా, నువ్వు చేసిన పనే నేనూ చేయబోతున్నా. ఏమన్నా చెప్పు" అని ఫోన్ చేసింది. ఫోన్‌లో చెప్పబోతే రెండో నిమిషానికే ఊఁ కొడుతూ ఇంకేదో చూసుకుంటుంది, ఆ సంగతి నాకు తెలుసు. అందుకని కూర్చుని రాస్తున్నా. దానికోసమే కాదు, ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలందరికీ.

ఈ పని నేను ఇరవై ఆరేళ్లు చేశాను. మొదటి ఏడేళ్లు కడపలో, తర్వాత పందొమ్మిదేళ్లు సౌదీలో, రాస్ తనూరాలో. ఎప్పుడు జీతం పెరిగింది, ఏ సర్టిఫికెట్టు ఎప్పుడు వచ్చింది, అవన్నీ రాయను. అవి నాకే సరిగ్గా గుర్తు లేవు. గుర్తున్నవి కొన్ని నోళ్లు. వాటిలో ఒక నోటి గురించీ, ఆ నోటికి అన్నం పెట్టిన మనిషి గురించీ చెప్తాను. తప్పు నాది కాబట్టి నేనే చెప్పాలి.

పని అంటే ఏమిటి

క్లిప్పుల డాక్టరు పళ్లను జరుపుతుందని బయటివాళ్లు అనుకుంటారు. జరిపేది తీగ. ఆ తీగకు పట్టు దొరికేలా చేయడమే మన పని. ఒక్కో పంటి మీద కందిబద్దంత లోహపు ముక్క అతికిస్తాం, అదే బ్రాకెట్. దాని గాడిలోంచి తీగ పోతుంది. పంటిని ముందు కాస్త ఆమ్లంతో గరుకు చేసి, కడిగి, గాలి ఊది ఆరబెట్టి, జిగురు పెట్టి, ముక్కను ఆనించి నీలం లైటు చూపిస్తే గట్టిపడుతుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక్క ఆరబెట్టడంలోనే ఉంది అంతా.

బాగా ఆరిన పన్ను సుద్దముక్కలా తెల్లగా అయిపోతుంది. నిజం చెప్తున్నా, రిటైరయ్యాక నేను బెంగ పెట్టుకున్నది జీతం మీదా కాదు, డాక్టరమ్మ అన్న పిలుపు మీదా కాదు, ఆ తెలుపు మీద. పొద్దున్నే మొదటి పిల్ల నోరు తెరిస్తే, లైటు కింద ఒక్కో పన్నూ తెల్లబడుతూ ఉంటే, లోకంలో ఇంకేమీ అక్కర్లేదనిపించేది. ఇప్పుడు చేతులు ఊరికే ఉంటున్నాయి. చిక్కుళ్లు తుంచేటప్పుడు కూడా ఈనె తీయడానికి పట్టకారు ఎక్కడుందా అని వెతుకుతుంటాయి.

బ్రాకెట్లు ఊడతాయి. ఎంత గొప్ప డాక్టరు వేసినా ఊడతాయి. ఐసు కొరికితే ఊడతాయి, ఖర్జూరం గింజ పంటికింద పడితే ఊడతాయి. ఊడితే నెలల పని వెనక్కి పోతుంది, పన్ను మళ్లీ పాత దారి పడుతుంది. అందుకే డాక్టరుకు ఒళ్లు మండుతుంది. నాకు అసలే ముక్కు మీద కోపం. ఆ కోపంలో మొదట నోటికొచ్చే మాట "ఏం తిన్నావ్?" అని. జాగ్రత్త. ఆ మాట అడిగామంటే తప్పు ఎవరిదో అప్పుడే తేల్చేశామన్నమాట.

హబీబ్ గారి అద్దం

నేను చేరినప్పుడు ఆ క్లినిక్కులో పెద్ద డాక్టరు హబీబ్ గారు, సిరియా మనిషి. మాట తక్కువ, చాయ్ ఎక్కువ. రోజూ పొద్దున ఆయన కుర్చీ దగ్గరికి రాగానే గాలి ఊదే గొట్టం తీసి, నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం మీద ఊదేవారు. అద్దాన్ని లైటు కింద తిప్పి చూసి, జేబురుమాలుతో తుడిచి, అప్పుడు మొదటి పేషెంటును పిలిచేవారు.

"అద్దం ఏం చెప్పింది డాక్టర్?" అని ఏడిపించేదాన్ని.

"ఇక్కడి ఆగస్టు నెల నాలుగుసార్లు చూడు. అప్పుడు నువ్వే చెప్తావు" అనేవారు.

నాలుగేం, ఏడు ఆగస్టులు చూశాను. సముద్రం పక్కన ఊరు, పక్కనే రిఫైనరీ. ఎండాకాలంలో కారు దిగితే కళ్లద్దాలు పాలగ్లాసుల్లా మసకబారతాయి. అయినా నాకేమీ తట్టలేదు. ఆయన రిటైరై వెళ్లిపోయాక ఆ కుర్చీ నాకు వచ్చింది. వారం రోజులు నేనూ అద్దం మీద ఊదాను, గౌరవం కొద్దీ. ఎనిమిదో రోజు మానేశాను, ముసలాయన చాదస్తంలే అని.

పైవాళ్ల చాదస్తాల్లో సగం నిజంగా చాదస్తాలే. మీరు వాటిని మోయక్కర్లేదు. కానీ మానేసేముందు ఎందుకు చేసేవారో ఒక్కసారి గట్టిగా ఆలోచించండి. నేను ఆలోచించలేదు.

జంతికలు

రీమాకి అప్పుడు పదమూడేళ్లు. వాళ్ల నాన్న నూనె కంపెనీలో ఇంజనీరు. పిల్లను క్లినిక్కుకు తీసుకొచ్చేది వాళ్లింట్లో పనిచేసే తాయారు. మొదటిరోజు ఆమె, కుర్చీ ఎక్కుతున్న పిల్లతో "మెల్లగా ఎక్కు తల్లీ" అంది తెలుగులో. నేను చేతిలో పని వదిలేసి వెనక్కి తిరిగాను.

"ఏ ఊరమ్మా మీది?"

"రాజోలు దగ్గరండి. మీరు తెలుగువారాండి? అయ్యబాబోయ్, ఈ ఊళ్లో తెలుగు డాక్టరమ్మగారా!"

మాది ప్రొద్దుటూరు. ఆమె మాట గోదావరి మాట, నా మాట సీమ మాట. దేశంలో ఉంటే ఒకరినొకరు వెక్కిరించుకునేవాళ్లం. అక్కడ మాత్రం ఆమె "ఆయ్" అంటే చాలు, నాకు చెవుల్లో చల్లగా ఉండేది. రీమాకి పని చేస్తున్నంతసేపూ మేం మాట్లాడుకునేవాళ్లం. ఆమె వచ్చి నాలుగేళ్లు. ఒక్కతే కూతురు. ఆ కూతురికి తను లేకుండానే పెళ్లయింది, ఇప్పుడు నెలలు నిండుతున్నాయి.

"తొలికాన్పండి. తల్లి చేతుల మీద జరగాలి కదండి. అల్లుడికి తల్లి లేదు. నేనెళ్లకపోతే దానికి పథ్యం ఎవరు పెడతారు, నీళ్లెవరు పోస్తారు చెప్పండి."

రంజాన్ మధ్యలో పనిమనిషిని ఊరికి పంపడమంటే ఆ ఊళ్లో మామూలు విషయం కాదు. ఏడాదిలో వంటింటికి ఊపిరాడని నెల అదే. అయినా రీమా తల్లి ఒప్పుకుంది. కఫీల్, అంటే పనికి పిలిపించుకున్న యజమాని, ఆమె భర్తే. ఆయన అనుమతి ఇస్తే వెళ్లిరావడానికి వీసా పడుతుంది. తాయారు ఆ ప్రయాణం తేదీని జపం చేసినట్టు చెప్పుకుంటూ ఉండేది.

జూలై మొదట్లో రీమాకు పై పళ్లన్నిటికీ బ్రాకెట్లు వేశాను. నెల తిరక్కుండా ఏడు ఊడాయి. ఆ నెలలో మిగతా పిల్లలవీ ఊడుతూనే ఉన్నాయి. సెలవులు కదా, చిరుతిళ్లు తింటున్నారు, పెంకితనం అనుకుంటూ అందరినీ కేకలేశాను. ఏడోది ఊడిన రోజు రీమాతో పాటు తల్లి కూడా వచ్చింది. పిల్ల దంతాలు ఇలా అయితే ఎలా అని ఆమె నన్ను నిలదీసింది. నాకు తల కొట్టేసినట్టయింది. తాయారు వైపు తిరిగాను.

"ఏమ్మా, పిల్లకు ఏం పెడతాండావు?"

"మెత్తగానే పెడతన్నానండి. అన్నం, పెరుగు, మెత్తటి రొట్టి. మీరు చెప్పినట్టేనండి."

"గట్టివి ఏమీ పెట్టలేదా? నిజం చెప్పు. నాతో చెప్పకపోతే ఎవరితో చెప్తావు?"

ఆ ఆఖరి మాట నేను అనకుండా ఉండాల్సింది. తాయారు ముసిముసిగా నవ్వింది.

"మీ దగ్గర దాపరికం ఏంటండి. జంతికలు చేశానండి ఒకపాలి. మీ ఊళ్లో ఏం తింటారని పాపే అడిగింది. డబ్బాడు జంతికలు రెండ్రోజుల్లో లాగించేసిందండి."

నాకు కావలసింది దొరికింది. తల్లి వైపు తిరిగి అరబ్బీలో చెప్పాను: "ఈవిడ పిల్లకు రాళ్లలాంటి పిండివంటలు చేసి పెట్టింది. అందుకే ఊడుతున్నాయి." ఎప్పుడు పెట్టావని తాయారును అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నకు ఎంతసేపు పట్టేది?

తల్లి అరవలేదు. నెమ్మదిగా, తాయారుకు అర్థమయ్యే రెండే మాటలు అంది. "మాఫీ సఫర్." ప్రయాణం లేదు అని. తన కూతురి నోరు చూసుకోలేని మనిషికి సెలవు కూడానా అని మిగతాది నాతో అంది.

తాయారు ఆమెను చూడలేదు, నన్ను చూసింది. "అదేంటండి డాక్టరమ్మగారూ," అంది, "నేను మీతో కదా చెప్పాను."

ఆ గదిలో రెండు భాషలూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఒక భాషలో నమ్మి చెప్పిన మాటను ఇంకో భాషలో అప్పగించేశాను. పరాయి దేశంలో పనిచేయబోయే పిల్లలూ, మీ భాష మాట్లాడే పేషెంటు దొరికితే మీరు మురిసిపోతారు. మురిసిపోండి. కానీ వాళ్లు మిమ్మల్ని డాక్టరనుకుని మాట్లాడరు, మనిషనుకుని మాట్లాడతారని గుర్తుంచుకోండి.

ఉపవాసం

రంజాన్ మొదలైంది. వారం తర్వాత ఒక సాయంత్రం, ఇఫ్తార్‌కు ఇంకా రెండు గంటలుందనగా రీమా వచ్చింది. పైన ఇంకో బ్రాకెట్ ఊడింది. నోటి దాకా వచ్చిన "ఏం తిన్నావ్"ను ఆ పిల్లే ఆపేసింది.

"దక్తూరా, నేను ఉపవాసం. తెల్లారుజామునుంచి నీళ్లు కూడా తాగలేదు. మధ్యాహ్నం నిద్రపోయాను, లేచేసరికి నాలుక మీద ఉంది. మింగలేదు, ఉమ్మేశాను."

తాయారు వెనక నిలబడి ఉంది. ఆ రోజు తర్వాత ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు సంచిలోంచి తలనొప్పి మందు ఖాళీ డబ్బా ఒకటి తీసి నా ట్రే మీద పెట్టింది. మూత తీస్తే లోపల కుంకం పొట్లాల్లాంటి చిన్న చిన్న కాగితం పొట్లాలు. ఎనిమిది. ఒక్కోదాన్లో ఒక్కో బ్రాకెట్.

"ఇవన్నీ దాచినావా?"

"పిల్ల నోట్లోంచి ఊడినవి చెత్తలో ఎలా వేస్తామండి. మా ఊళ్లో పాలపన్నయితే ఇంటి మీదకి విసురుతాం. ఇక్కడ విసరడానికి పెంకుటిల్లేదండి? అందుకని దాచానండి. ఊడినప్పుడల్లా తెచ్చానండి. మీరు చూడలేదు."

నిజమే. ఆమె ప్రతిసారీ ఏదో చేతికివ్వబోయేది. నేను "అక్కర్లేదు, కొత్తది వేస్తా" అనేదాన్ని.

పొట్లాలు విప్పి, బ్రాకెట్లను వెల్లకిలా తిప్పాను. పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి. గట్టిది కొరికినందువల్ల ఊడితే చాలాసార్లు జిగురు పంటి మీదే మిగులుతుంది, బ్రాకెట్ వెనక బోసిగా ఉంటుంది. అతికించేటప్పుడు పన్ను తడిగా ఉండి ఊడితే జిగురంతా బ్రాకెట్‌తో వచ్చేస్తుంది, పన్ను శుభ్రంగా ఉంటుంది. ఎనిమిదింటి వెనకా జిగురు నిండుగా ఉంది. కొత్తగా ఊడినచోట రీమా పన్ను కడిగిన ముత్యంలా ఉంది.

అప్పుడు, ఏళ్ల తర్వాత, గాలి గొట్టం తీసి అద్దం మీద ఊదాను. అద్దమంతా సన్నటి నీటిచుక్కలు. వేలితో రుద్దితే కాస్త జిడ్డు కూడా తగిలింది.

మరమ్మతులు చూసే ఖాదర్ భాయ్‌ని పిలిచాను, హైదరాబాద్ మనిషి. ఆయన వెనక గదిలోకి పోయి గాలి మిషను ట్యాంకు అడుగున మర తిప్పాడు. సగం బకెట్టు నీళ్లు వచ్చాయి, తుప్పు రంగులో.

"మూణ్ణెల్ల సంది చెప్తున్న డాక్టర్ సాబ్," అన్నాడు. "తేమ గుంజే డబ్బా ఖరాబైంది, కొత్తది కావాలె అని. ముదీర్ సాబ్ బుక్రా, బుక్రా అన్నడు. మీకు గూడ చెప్పిన. మీరు ఆ దినం బిజీ ఉంటిరి."

ముదీర్ అంటే మేనేజరు. బుక్రా అంటే రేపు. నేను బిజీగా ఉన్న రోజేదో నాకు గుర్తు లేదు. పన్ను ఆరిందనుకుని నేను ఊదినదంతా నీళ్లే.

మళ్లీ వచ్చి తాయారును అడిగాను. "ఆ జంతికలు ఎప్పుడు చేసినావు?"

"పాపకి క్లిప్పులు వెయ్యకముందేనండి. మార్చిలో, పరీక్షలప్పుడు."

పదకొండు రోజులు

ఇప్పుడు రాయబోయేది రాయకుండా దాటేయాలని చాలాసార్లు అనుకున్నాను. దాటేస్తే ఈ కాగితాలన్నీ దండగ.

ఆ సాయంత్రమే పళ్లను వేరే సిలిండరు గాలితో ఆరబెట్టి రీమాకు బ్రాకెట్లన్నీ మళ్లీ వేశాను. తర్వాత ముదీర్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన తలుపు మూయమన్నాడు. "డబ్బా కొత్తది తెప్పిస్తా. ఊడిన పిల్లలందరికీ ఉచితంగా వేసెయ్. కానీ ఎవరికీ ఏమీ చెప్పొద్దు. ఇది చిన్న ఊరు, ఒక ఇంట్లో తెలిస్తే అన్ని ఇళ్లలో తెలుస్తుంది. పండగ అయ్యాక చూద్దాం." మాట్లాడుతూ బల్ల మీద కాగితాలు సర్దాడు. అందులో నా ఇఖామా పొడిగింపు కాగితం ఉంది. అది కావాలని చూపించాడో, ఊరికే సర్దాడో ఇప్పటికీ తెలియదు. అది లేకపోతే ఆ దేశంలో ఉండలేను. నేను భయపడ్డాను. దానికి ఇంకే పేరూ పెట్టను.

తాయారుకు కానుపు తేదీ ఉంది. నాకు తెలుసు. రోజూ పొద్దున అద్దం మీద ఊదేదాన్ని, పొడిగా ఉండేది. ఈ రోజు ఫోన్ చేస్తా అనుకునేదాన్ని. సాయంత్రానికి బుక్రా అయ్యేది. ముదీర్‌ను తిట్టుకున్నాను గానీ, ఆ మాట నాకూ బాగానే అబ్బింది.

పదకొండో రోజున రీమాను చూపించడానికి తల్లి వచ్చింది, వెనకే తాయారు. ఒక్క బ్రాకెట్టూ కదల్లేదు. తల్లి ముఖం వెలిగిపోతోంది.

"చూశావా దక్తూరా," అంది. "నేను గట్టిగా నిలబడ్డాక ఒక్కటీ ఊడలేదు. ఈ ఆడవాళ్లతో ఇలాగే ఉండాలి."

నా మంచి పని తాయారు నేరానికి సాక్ష్యమైపోయింది. ఇక నోరు మూసుకుని ఉండలేకపోయాను. గ్లౌజులు తీసేసి అరబ్బీలో మొత్తం చెప్పాను. గాలి మిషను, నీళ్లు, బ్రాకెట్ల వెనక జిగురు, మార్చి నెల జంతికలు. తప్పు నాదని, తెలిసి పదకొండు రోజులైందని కూడా చెప్పాను. తర్వాత అవే మాటలు తాయారుకు తెలుగులో చెప్పాను.

తల్లి తాయారు వంక చూసింది. "నువ్వు ఆ రోజే చెప్పి ఉంటే ఆ రోజే పంపేదాన్ని" అంది నాతో. అక్కడే కూర్చుని భర్తకు ఫోన్ చేసింది. ఆ పూట అయ్యేలోగా వీసా పడింది. ఇంతే పని. నేను దాన్ని పదకొండు రోజులు ఆపాను.

"తాయారూ, నీకు అనుమతి వచ్చింది. రేపే పోవచ్చు" అన్నాను.

ఆమె పైట కొంగులాగా నల్లటి బురఖా అంచును వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఇంకెందుకండి తొందర," అంది. "మొన్న పుట్టేసిందండి. ఆడపిల్ల."

కాన్పు దగ్గర ఎవరున్నారని అడిగాను. పక్కింటావిడ ఉందట. కూతురు నొప్పులతో "అమ్మా అమ్మా" అని అరుస్తుంటే ఆవిడ ఫోన్ తాయారుకు కలిపి చెవి దగ్గర పెట్టిందట. తాయారు వంటింట్లో ఇఫ్తార్‌కు సమోసాలు వేయిస్తూ విందట. ఇదంతా ఆమె కోపం లేకుండానే చెప్పింది. కోప్పడి ఉంటే బాగుండేది.

వెళ్లేముందు నేనే సిగ్గు విడిచి అన్నాను. "మనవరాలికి పళ్లొచ్చినాక, వంకరగా వచ్చినా రావచ్చు, నా దగ్గరికి తీసుకరా. ఎక్కడున్నా సరే, నేనే కడతా."

"చూద్దాంలెండి" అంది తాయారు. మందు డబ్బా నా ట్రే మీదే వదిలేసింది.

క్లిప్పుల వయసు

ముదీర్ రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు నా ఇఖామా కాగితం మీద సంతకం పెట్టాడు. క్లిప్పుల డాక్టర్లు అంత తేలిగ్గా దొరకరు మరి. నేను భయపడినదేదీ జరగలేదు. ఇది మీకు ధైర్యం చెప్పడానికి రాయడం లేదు. జరిగి ఉన్నా చెప్పాల్సిందే.

ఊరికి వెళ్లిన తాయారు తిరిగి రాలేదు. రెండేళ్ల తర్వాత రీమా బ్రాకెట్లు తీసిన రోజు ఆ పిల్ల అద్దంలో పళ్లు చూసుకుని, ఫోన్‌తో ఫోటో తీసుకుని, "తాయార్‌కి పంపు దక్తూరా" అంది. ఆమె దగ్గర నేర్చుకున్న తెలుగులో "బాగుందా?" అని అడగమంది. పంపాను. నా దగ్గరున్న నంబరు పనిచేయడం లేదు. తల్లి దగ్గర ఉన్నదీ అదే నంబరు. రీమా కాసేపు ఫోన్ వంక చూసి, ఆ ఫోటోను అలాగే ఉంచుకుంది.

ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటున్నా. వారానికి రెండు పూటలు మా ఊరి కుర్ర డాక్టరు క్లినిక్కులో కూర్చుంటా. పని అతను చేస్తాడు, నేను నస పెడతా. మా పక్క కోనసీమ వాళ్లు రారు, ఎందుకొస్తారు? అయినా తలుపు దగ్గర ఎవరైనా "ఆయ్ అండి" అంటే చాలు, నా మెడ అటు తిరుగుతుంది. ఒకసారి నిజంగానే లేచి నిలబడ్డాను. మందుల కంపెనీ అబ్బాయి, భీమవరం వాడు. డాక్టర్ గారు ఉన్నారాండి అని అడిగాడు.

మందు డబ్బా నా బల్ల సొరుగులో ఉంది. పొట్లాలు పొట్లాలుగానే ఉన్నాయి. తాయారు మనవరాలికి ఈ ఆగస్టుతో పన్నెండు నిండి ఉంటాయి. పాలపళ్లన్నీ ఊడి, అసలు పళ్లన్నీ వచ్చే వయసు. క్లిప్పులు వేయడానికి సరైన వయసు అదే. పేరేం పెట్టారో కూడా నాకు తెలియదు.

నా చేతులు ఇంకా వణకడం లేదు. వాళ్లు వస్తే, ముందు తాయారును పక్కన నిలబెట్టుకుని ఆమె చూస్తుండగా అద్దం మీద గాలి ఊదుతాను. అద్దాన్ని ఆమె చేతికే ఇస్తాను. పొడిగా ఉందని ఆమె అన్నాకే ఆ పిల్లను నోరు తెరవమంటాను.